ఎస్.కోటలో క్రాసింగ్

"ఈ వైరు ఎవరిది?"

ఆ గొంతుకి వార్డులో కళ్ళు మూసుకుని పడుకున్న పదిమందీ ఒక్కసారి కళ్ళు తెరిచారు.

కాశీబుగ్గలోని ఆ డయాలసిస్ సెంటరుకి ప్రిస్కిల్లా రావడం అదే మొదటిసారి. వారానికి మూడుసార్లు తండ్రి కృపారావుని తల్లే తీసుకొస్తుంది. ఆరోజు తల్లికి జ్వరం. శ్రీకాకుళంలో తను ఫిజిక్స్ చెప్పే జూనియర్ కాలేజీకి సెలవు పెట్టి, ప్రిస్కిల్లా తనే వచ్చింది.

"మాదే. ఏం?" అంది లేచి నిలబడి.

నీలం యూనిఫాం వేసుకున్న టెక్నీషియన్ చేతిలో పీకేసిన ప్లగ్గు వేలాడుతోంది. దాని రెండో చివర కృపారావు ఒళ్ళో ఉంది. ఒళ్ళో ఒక అట్టముక్క, అట్టముక్క మీద జానెడు రైలు పట్టా, దాని మీద అరచేతిలో పట్టేంత డీజిల్ ఇంజను, పక్కన గుండ్రటి మీట ఉన్న చిన్న కంట్రోలరు డబ్బా.

"మెషీను సాకెట్లో బొమ్మ రైలు పెట్టినారా మేడమ్?"

"అది అర ఆంపియరు కూడా లాగదు. నేను ఫిజిక్స్ లెక్చరర్ని. నాకు తెలుసు."

"నేను టెక్నీషియన్ని. నాకు ఇంకోటి తెలుసు. ఈ సాకెట్ మీదే మీ నాన్నగారి రక్తం తిరగతన్నాది."

ప్రిస్కిల్లా ఆ ప్లగ్గుకేసి చూసింది. కృపారావు మాత్రం గట్టిగా నవ్వాడు. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి ఉన్నాయి కాబట్టి ఆ చెయ్యి కదపకుండా, కుడిచెయ్యి మాత్రం ఎత్తి, "తప్పు నాదే బావూ. కలకత్తా నించి పార్సిల్లో వచ్చినాది. పని సేస్తాదో లేదో సూద్దారని. నాలుగ్గంటలు పైకప్పు సూసి సూసి సచ్చిపోతన్నాను," అన్నాడు.

టెక్నీషియన్ వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల్లో ఒక పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో తిరిగొచ్చాడు. దాన్ని కిటికీ పక్క గోడకి తగిలించి, మంచం దాకా లాగి, ప్లగ్గు పెట్టాడు. కృపారావు మీట తిప్పాడు. ఇంజను జానెడు ముందుకు పోయి ఆగింది. పక్క మంచం మీది ముసలాయన "ఓలమ్మో" అన్నాడు.

"ఒక ఇంజనుకి రెండు కంట్రోలర్లు ఎందుకు మాస్టారూ?" అన్నాడు టెక్నీషియన్. వాడి చూపు కృపారావు దిండు పక్కనున్న కాగితం మీద పడింది. దాని మీద పట్టాల బొమ్మ, రెండు కంట్రోలర్ల బొమ్మలు, గీతలు, అంకెలు, ఎర్ర పెన్నూ నల్ల పెన్నూ.

"ఒక ఇంజనుకి కాదురా. రెండిటికి. నీ పేరేటి?"

"దేవేంద్ర."

"కూకో దేవేంద్రా."

"డ్యూటీలో ఉన్నాను మాస్టారూ," అంటూనే వాడు కాగితం మీదికి వంగాడు. పావుగంట తర్వాత కూడా వంగే ఉన్నాడు. ప్రిస్కిల్లాని ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకి అది అస్సలు నచ్చలేదు.

* * *

కృపారావు రైల్వేలో సిగ్నల్ మెయింటెయినరు. కొత్తవలసలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక ఉద్యోగం మానేసి, సొంత ఊరు కాశీబుగ్గ వచ్చేశాడు. ఆ చుట్టుపక్కల, ఉద్దానం ప్రాంతంలో, ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరికీ ఇంకా తేలలేదు. ఎవరింటికి వస్తుందో మాత్రం ఎవరూ అడగరు. ప్రతి వీధిలోనూ ఉంది.

కృపారావు రమ్మన్నాడని ఆదివారం మధ్యాహ్నం దేవేంద్ర వాళ్ళింటికి వచ్చేసరికి, చర్చినుంచి అప్పుడే వచ్చిన ప్రిస్కిల్లా తల్లి ఎలీసమ్మ తలుపు తీసింది. ముందుగదిలో కుర్చీలు లేవు. గదినిండా రెండు ప్లైవుడ్ బల్లలు కలిపి వేసిన రైలు మార్గం. ఒక చివర కొత్తవలస జంక్షన్. మధ్యలో ఎస్.కోట స్టేషన్. అక్కణ్ణించి అట్టతో, రంపపు పొట్టుతో చేసిన కొండలు. ఆ కొండల్లోంచి ఇనుప రాయి మోసే గూడ్సు దిగిరావాలి. కిందనుంచి పాసింజరు ఎక్కాలి. ఎస్.కోటలో రెండూ ఒకదాన్నొకటి దాటుకోవాలి.

"రెండో కంట్రోలరు వచ్చినాది గానీ దారంతా ఇంకా ఒకటే వైరు. మీట తిప్పితే రెండు బళ్ళూ ఒకేపక్క పోతన్నాయి. కవల పిల్లల్లాగ," అన్నాడు కృపారావు. "నా సేతులు వణుకుతన్నాయి, సాల్డరింగ్ సెయ్యలేను. దీనికేమో ఫార్ములాలొచ్చు, వైరు సివర పీకడం రాదు."

"నాన్నా!" అంది ప్రిస్కిల్లా.

"ఫిజిక్స్ మేడమ్‌కి వైరు పీకడం రాదేటి?" అన్నాడు దేవేంద్ర అమాయకంగా.

"వచ్చు," అని కట్టరు తీసుకుంది. వైరుతోపాటు లోపలి రాగి కూడా తెగి కింద పడింది.

ఎవరూ నవ్వలేదు. వంటింట్లోంచి ఎలీసమ్మ ఒక్కతే నవ్వింది, గట్టిగా.

పని మొదలైంది. దారి మొత్తాన్ని తొమ్మిది సెక్షన్లు చేయాలి. ఒక్కో సెక్షను చివర ఒక పట్టాని సన్నటి రంపంతో కోసి, ఆ సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టాలి, కరెంటు అవతలికి పోకుండా. రెండో పట్టా మాత్రం అన్నిటికీ ఉమ్మడి. ప్రతి సెక్షనుకీ ఒక స్విచ్చి. పైకేస్తే ఆ ముక్క ఒకటో కంట్రోలరుది. కిందికేస్తే రెండోదానిది. మధ్యలో ఉంచితే ఎవరిదీ కాదు, అక్కడున్న బండి కదలదు.

"బండి పోకముందే ముందున్న సెక్షన్ని నీ పేరున ఏసుకోవాల," అని కృపారావు కుర్చీలోంచి చెప్పేవాడు. "మర్సిపోయావా, బండి నీ సేతిలోంచి పోయి అవతలోడి మాట ఇంటాది."

"మా కాలేజీలో పిల్లలూ అంతే," అంది ప్రిస్కిల్లా బల్ల కిందనుంచి.

బల్ల కింద ఇద్దరికి చోటు చాలదు. ఆమె టార్చి పట్టుకునేది, వాడు సాల్డరింగ్ చేసేవాడు. టార్చి వెలుగు మాటిమాటికీ వైరు మీదనుంచి జారి వాడి మొహం మీదికి పోయేది.

"మేడమ్, జాయింటు ఇక్కడున్నాది."

"తెలుసు."

"మరి లైటు నా ముక్కు మీద ఉన్నాది."

"నీ ముక్కు అడ్డొస్తోంది."

పైనుంచి కృపారావు, "ఒరే, అక్కడ ఏటవుతన్నాది?" అనేవాడు.

"మూడో సెక్షను!" అని ఇద్దరూ ఒకేసారి అరిచేవారు.

అలా జూన్ గడిచింది. జూలైలో వానలు పడ్డాయి. పెంకుల మీద వాన చప్పుడుకి మాటలు వినపడక, ఒకరికొకరు దగ్గరగా వంగి మాట్లాడుకోవలసి వచ్చింది. వాన ఆగిన తర్వాత కూడా అలాగే వంగి మాట్లాడుకున్నారు. ప్రిస్కిల్లా ఇదివరకు రెండు వారాలకోసారి ఇంటికొచ్చేది. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం పలాస పాసింజర్లో దిగేది. దేవేంద్ర తల్లి ధనలక్ష్మి ఇదే జబ్బుతో నలభై ఒకటో ఏట పోయిందని, మెషీను ముందు తల్లి పక్కన కూర్చుని కూర్చుని ఆ పనే నేర్చుకున్నాడని వాడు ఒక వానరోజు చెప్పాడు. ఆమె ఓదార్చే మాటలేవీ చెప్పలేదు. టార్చి మాత్రం కదలకుండా పట్టుకుంది.

* * *

ఆగస్టు మొదటి ఆదివారం ఐదు సెక్షన్లు తయారయ్యాయి. ఆ ఐదిటి మీదే రెండు బళ్ళూ నడిపి చూద్దామన్నాడు కృపారావు.

"రెండు కంట్రోలర్లకీ కరెంటిచ్చే అడాప్టర్లు రెండు కావాలేమో మాస్టారూ," అన్నాడు దేవేంద్ర సందేహంగా.

"ఎందుకు? దండిగా ఉన్నది ఒకటి సాలు. అమ్మీ, నువ్వేటంటావు?"

"చాలు నాన్నా. రెండు ఆంపియర్లు ఇస్తుంది," అంది ప్రిస్కిల్లా, పెద్దగా ఆలోచించకుండా.

పాసింజరు కొత్తవలసనుంచి బయల్దేరింది. గూడ్సుని వెనక్కి, అంటే కొండ దిగే వైపుకి తిప్పి, దేవేంద్ర రెండో మీట తిప్పాడు.

చిటుక్కుమంది. కాలిన వాసన. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. అడాప్టరులోంచి సన్నగా పొగ లేచింది. కలకత్తానుంచి వచ్చిన కొత్త కంట్రోలరు కూడా చచ్చింది.

కృపారావు లేచి, గోడ పట్టుకుని, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆయన అలా మాట్లాడకుండా వెళ్ళడం ప్రిస్కిల్లా ఎప్పుడూ చూడలేదు.

"ఏటి సేసినావు నువ్వు?" అంది. కోపం వస్తే లెక్చరర్ భాష పోయి ఇంటి భాష వచ్చేస్తుంది ఆమెకి. "ఆయనకి మిగిలింది ఇదొక్కటే. అది కూడా కాల్చీసినావు. నీకు సరదా, వారానికోసారి వచ్చి ఆడుకుని ఎల్లిపోతావు!"

దేవేంద్ర సాల్డరింగ్ కడ్డీ తీసి పెట్టెలో పెట్టుకుని, వానలోనే బయటికి నడిచాడు.

మర్నాడు క్లాసులో ప్రిస్కిల్లా బోర్డు మీద సర్క్యూటు గీస్తూ ఆగిపోయింది. ఉమ్మడి పట్టా ఒకటి. సరఫరా ఒకటి. ఒక కంట్రోలరు ఉమ్మడి పట్టాకి ప్లస్ ఇస్తే, ఎదురు దిశలో తిరిగిన రెండోది మైనస్ ఇస్తుంది. అంటే ప్లస్సూ మైనస్సూ తిన్నగా కలిసిపోయాయి. షార్ట్ సర్క్యూట్. ఇంటర్ పిల్లలకి వచ్చే లెక్క. తప్పు వాడిది కాదు. రెండు సరఫరాలు విడివిడిగా ఉండాలని వాడు అడిగాడు కూడా. చాలన్నది తను.

సాయంత్రం ఫోన్ చేసింది. "దేవేంద్రా, తప్పు నాది."

"తెలుసు మేడమ్. నిన్న దారిలోనే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు తిడతన్నప్పుడు మధ్యలో మాటాడితే బాగోదు కదా." ఆ వెంటనే, "రెండు ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చినాను. దేనిది దానికే. కాలిన కంట్రోలరు విప్పితే ఒక ట్రాన్సిస్టరే పోయినాది. మార్సీసినాను," అన్నాడు.

"థాంక్స్." ఆమెకి ఫోను పెట్టబుద్ధి కాలేదు. "ఆదివారం వస్తావా?"

"లైన్ క్లియర్ ఇస్తే వస్తాను."

"ఇచ్చాను," అంది. తర్వాత చాలాసేపు స్టాఫ్ రూములో ఒంటరిగా నవ్వుకుంటూ కూర్చుంది.

* * *

ఆ ఆదివారం వాడు రాలేదు. ఆ పై ఆదివారం రాలేదు. మూడోది కూడా.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ, బాగుచేసిన కంట్రోలరూ ఎవరో ఆటోవాలా చేత పంపించాడు. ఫోను ఎత్తడం లేదు. సెంటరులో కూడా ఉదయం షిఫ్టుకి మారిపోయాడని, మధ్యాహ్నం వెళ్ళే తమకి కనబడడం లేదని ఎలీసమ్మ చెప్పింది.

"నువ్వేటైనా అన్నావేటే?" అని అడిగింది.

"తిట్టాను. కానీ తర్వాత సారీ చెప్పానమ్మా."

"మరి?"

మరి ఏమిటో ప్రిస్కిల్లాకి తెలియలేదు. మొదటివారం కోపం వచ్చింది. రెండోవారం సిగ్గేసింది. మూడోవారం మాత్రం ఉదయం తొమ్మిదింటికే సెంటరుకి వెళ్ళింది, మొహం మీద అడిగేద్దామని.

వాడు వార్డులో లేడు. పక్కనే కిడ్నీ డాక్టరు ఓపీ దగ్గర, గోడవారన, పొడుగాటి బెంచీ మీద కూర్చున్న రోగుల వరసలో ఉన్నాడు. యూనిఫాం లేదు. మామూలు చొక్కా. చేతిలో పసుపురంగు ఫైలు.

ఆమెని చూసి ఫైలు వెనక్కి దాచాడు. చిన్నపిల్లాడు దాచినట్టు.

ప్రిస్కిల్లా చెయ్యి చాపింది. కాసేపటికి వాడు ఇచ్చాడు. ఆరేళ్ళుగా తండ్రి రిపోర్టులు చదివిన ఆమెకి ఎవరూ వివరించక్కర్లేదు. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ రెండు పాయింట్ నాలుగు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి.

"ఎప్పటినుంచి?"

"ఆగస్టులో స్టాఫ్ అందరికీ టెస్టులు సేసినారు. మీరు ఫోన్ సేసిన మర్నాడు రిపోర్టు వచ్చినాది." వాడు నేలకేసి చూస్తున్నాడు. "మా అమ్మకీ ఇలగే మొదలైనాది మేడమ్. ఏ నొప్పీ ఉండదు. తోటకి ఎల్తాది, వస్తాది. ఆరేళ్ళకి మెషీను. ఇంకో రెండేళ్ళకి..." ఆగిపోయాడు. "నన్ను మర్సిపోండి."

"నువ్వు నాకేం చెప్పావని మర్చిపోవాలి?"

వాడు తలెత్తాడు.

"నిజంగానే అడుగుతున్నాను. ఇన్ని ఆదివారాల్లో నువ్వు నాతో సెక్షన్లు, స్విచ్చిలు, జాయింట్లు తప్ప ఇంకేం మాట్లాడావు? ఏం చెప్పావని ఈరోజు మర్చిపొమ్మంటున్నావు?"

పక్కనున్న ఆడమనిషి సర్దుకుని కూర్చుని వినడం మొదలుపెట్టింది.

"సెప్పడానికి ఏటున్నాది మేడమ్ ఇంక?"

"అది నేను విన్నాక చెప్తాను."

దేవేంద్ర చుట్టూ చూశాడు. లోపల నర్సు ఎవరి పేరో పిలుస్తోంది. "మీరు ఆదివారం సాయంత్రం బండెక్కేస్తే సోమవారం నించి నేను లెక్కెడతాను, ఇంకెన్ని రోజులని," అన్నాడు గొంతు తగ్గించి. "మీరంటే నాకు... ఎలగ సెప్పాల. ప్రాణం. ఇప్పుడు ఆ మాట ఎంత సిన్నదో మీకు తెలుసు. రిపోర్టులో ఉన్నాది."

ప్రిస్కిల్లాకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, వాడి పక్కనే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "నీ నంబరెంత?" అంది.

"పదిహేడు."

"ఇప్పుడెంత నడుస్తోంది?"

"పదకొండు."

"అయితే టైముంది," అంది. ఆమె పదిహేడో నంబరు దాకా కూర్చుంది. డాక్టరు గదిలోకి కూడా వాడితో వెళ్ళింది.

* * *

ఆ సాయంత్రమే తండ్రికి చెప్పింది. కృపారావు మంచం మీద కూర్చుని సాంతం విన్నాడు.

"కుర్రోడు బంగారం," అన్నాడు. "నేను ఒప్పుకోను."

"ఎందుకు నాన్నా? వాళ్ళు హిందువులనా?"

"ఛా! కులం, మతం ఎవులికి కావాల?" అన్నాడు కృపారావు. "నన్ను సూడు. సూసినావా? మీయమ్మని సూడు. నేను ఈ ఇంటికి ఏటి సేసినానో నాకు తెలుసు. అదే బతుకు తెలిసి తెలిసి నా కూతురికి నా సేత్తో ఇయ్యమంటావా? వాడు నా కొడుకైతే ఏడుద్దును. అల్లుడు వద్దు."

"వాడికి ఐదింటిలో మూడో స్టేజే నాన్నా. డాక్టరుతో మాట్లాడాను. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు..."

"నాకూ సెప్పినారు, సానా ఏళ్ళని."

"నువ్వు ఆగు," అంది ఎలీసమ్మ.

అంతసేపూ ఆమె గుమ్మం దగ్గర బియ్యం చేట పట్టుకుని నిలబడి ఉంది. చేట కింద పెట్టింది.

"నువ్వు నా గురించి ఏటో సెప్తన్నావు. నన్నడిగినావా?"

"ఎలీసా, నేనన్నది..."

"ఆగమన్నాను కదా. ఆరేళ్ళయినాది. ఆరేళ్ళలో ఒక్క రాత్రి ఒళ్ళు మర్సి పడుకోలేదు. అబద్ధమెందుకు? ఎటైనా ఎలిపోదునా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి బస్టాండు దాకా ఎల్లినాను. టెక్కలి బస్సెక్కి కూకున్నాను కూడా. మీ ఇద్దరికీ తెలీదు."

కృపారావు ఆమెకేసి వంగాడు.

"మరి ఎందుకు తిరిగొచ్చినావు?" అన్నాడు కృపారావు, వినబడీ వినబడనట్టు.

"నీకు మందు టైమయిపోతన్నాదని." ఎలీసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పెళ్ళినాడు నన్నెవులైనా 'ఇలగవుతాది, సేసుకుంటావా?' అని అడిగుంటే ఏటి సెప్పుదునో నాకు తెలీదు. ఒద్దందునేమో. కానీ నన్నడగాల. నా బదులు మా నాన్న సెప్పకూడదు. ఇదీ అంతే. దానికి నోరున్నాది. దాన్నడుగు."

కృపారావు కూతురి వైపు తిరిగాడు. అడగలేకపోయాడు. ఆమే చెప్పింది.

"నాకు భయమేస్తోంది నాన్నా. అమ్మ ఎక్కిన బస్సు నేనూ ఎక్కుతానేమో తెలీదు. అన్నీ ఆలోచించాను. అయినా వాణ్ణే చేసుకుంటాను."

కృపారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

* * *

దేవేంద్ర మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చాడు. రెండుసార్లు కృపారావుకి సూదులు గుచ్చాడు, తీశాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. మూడోసారి, మెషీను తిరగడం మొదలయ్యాక, కృపారావు కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"మీయమ్మ పోయాక మీ నాన్న ఎలగున్నాడు?"

"జీడితోటలోనే ఉంటాడు మాస్టారూ. మాటలు మానీసినాడు."

"అదే నా భయం. నా గుంట, ప్రిస్కిల్లా, వాగుడుకాయ. అది మాటలు మానేస్తే నేను గోతిలో కూడా పడుకోలేను."

"అందుకే నేను ఒద్దన్నాను. ఆమె ఇనలేదు."

"ఇనదు. వాళ్ళమ్మ పోలిక." కృపారావు ఇప్పుడు కళ్ళు తెరిచాడు. "మీ నాన్నకి సెప్పినావా?"

"సెప్పినాను. 'ఆ పిల్లకి నీ సంగతి తెలుసా?' అని ఒకటే అడిగినాడు. తెలుసన్నాను. సానాసేపటికి, 'అయితే నన్నడగడానికేటున్నాది?' అన్నాడు. ఆర్నెల్లలో ఆయన మాటాడింది అదే."

కృపారావు చాలాసేపు మెషీను గొట్టాల్లో తిరుగుతున్న తన రక్తం చూస్తూ పడుకున్నాడు.

"ఒరే, ఒక్కటి సెప్పు. నీ రోగానికి నిన్ను తప్పు పట్టను. కానీ మూడాదివారాలు మాటామంతీ లేకుండా తప్పించుకు తిరిగినావు సూడు, దాని మంచికే అని. అది తప్పు. రేపు నీకు నా గతి పట్టినప్పుడు కూడా అలగే సేస్తావా? దాన్ని బయటికి తోసీసి, గోడకి తిరిగి పడుకుంటావా?"

దేవేంద్ర బీపీ చూశాడు. షీటు మీద అంకె రాశాడు.

"అలగే సెయ్యాలనిపిస్తాది మాస్టారూ," అన్నాడు చివరికి. "కానీ సెయ్యను."

"రాసిస్తావా?"

"ఈ షీటు మీద రాసిమ్మంటే రాసిస్తాను."

కృపారావు మొహం నవ్వుకీ ఏడుపుకీ మధ్య ముడుచుకుంది. గుచ్చని చేత్తో వాడి మణికట్టు పట్టుకున్నాడు. "ఆదివారం రా. ఇంకా నాలుగు సెక్షన్ల వైర్లు బల్లకింద వేలాడతన్నాయి. ఎవులు కడతారు?"

* * *

సెప్టెంబరు నెలాఖరు ఆదివారానికి తొమ్మిది సెక్షన్లూ పూర్తయ్యాయి. కృపారావు బాగా చిక్కిపోయాడు. కుర్చీతోపాటే ఎత్తి బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఒకటో కంట్రోలరు ఆయన తీసుకున్నాడు. రెండోది దేవేంద్రకిస్తాడనుకున్నారంతా.

"ఎలీసా!" అని పిలిచాడు.

"ఏటి? కూర మాడిపోతాది."

"మాడనీ. ఇలగ రా."

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆరేళ్ళలో ఆ బల్లని తుడవడమే తప్ప బళ్ళని ముట్టుకుని ఎరగదు. "నాకేటి తెలుసయ్యా?"

"ఆ మీట తిప్పు. నెమ్మదిగా. గూడ్సు నీది."

గూడ్సు కొండ మీదనుంచి కదిలింది. ఎలీసమ్మ "ఓలి నా తల్లో" అని మీట ఇంకా తిప్పింది. బండి దడదడా దిగిపోయింది. ప్రిస్కిల్లా, దేవేంద్ర స్విచ్చిల మీద పడ్డారు. "నాలుగో సెక్షను రెండుకెయ్యి!" "వేశాను!" "ఐదు, ఐదు!" ఇద్దరి చేతులూ ఒకే స్విచ్చి మీద పడ్డాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

గూడ్సు ఎస్.కోట లూప్ లైన్లోకి, అంటే పక్క పట్టాల మీదికి, వచ్చి ఒక్క కుదుపుతో ఆగింది.

అప్పుడు కృపారావు తన మీట తిప్పాడు. వణికే చెయ్యే అయినా పాసింజరు వణకలేదు. కొత్తవలస దాటింది. ఒకటి, రెండు, మూడు సెక్షన్లు. ఎస్.కోటలో ఆగి ఉన్న గూడ్సు పక్కనుంచి, పెట్టె వెనక పెట్టె, నెమ్మదిగా వెళ్ళింది. ఆఖరి పెట్టె దాటగానే ఎలీసమ్మ ఎవరూ చెప్పకుండానే మీట తిప్పింది. గూడ్సు కిందికి, పాసింజరు పైకి. రెండూ ఒకేసారి, ఎదురెదురు దిక్కులకి.

కృపారావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఇంకోసారి," అన్నాడు. ఆరోజు ఏడుసార్లు 'ఇంకోసారి' అన్నాడు. కూర నిజంగానే మాడింది.

ఎలీసమ్మ మళ్ళీ వండి, కింద చాప వేసి వడ్డించింది. కృపారావుని మంచానికి ఆనించి కూర్చోబెట్టారు. అన్నం ముందు ఆయన చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. తల్లీ కూతుళ్ళు కూడా మూసుకున్నారు. దేవేంద్ర ఏం చెయ్యాలో తెలియక చూస్తూ ఉండిపోయాడు.

"ప్రభువా," అన్నాడు కృపారావు. "ఈ అన్నానికి స్తోత్రం. ఎలీసమ్మకి ఒక్క రాత్రి మంచి నిద్ర ఇయ్యి. ప్రిస్కిల్లాకి ధైర్యం ఇయ్యి. దేవేంద్రకి..." అక్కడ ఊపిరి అందక ఆగాడు. "నిన్ను లెక్కడగను. నువ్వు ఎన్నేళ్ళిస్తే అన్నేళ్ళు ఈ ఇంట్లో అన్నం తింటాడు. పెళ్ళి మాత్రం నేనుండగా సేయించు. క్రిస్మస్‌కి ముందే. ఆమెన్."

"ఆమెన్," అన్నారు తల్లీ కూతురూ. ఒక క్షణం ఆలస్యంగా మూడో గొంతు కూడా అంది.

ప్రిస్కిల్లా కళ్ళు తెరిచి, వాడికేసి చూడబోయి, ముందు కంచాలకేసి చూసింది. కృపారావు కోసం రోజూ విడిగా ఉప్పు లేకుండా వండే కూర చిన్న గిన్నెలో ఉంటుంది. ఇవాళ ఆ గిన్నె చిన్నది కాదు. ఎలీసమ్మ అందులోంచి ముందు భర్త కంచంలో వేసింది. తర్వాత గరిటె నింపి దేవేంద్ర కంచంలో వేసింది.

"రుచి ఉండదు బావూ," అంది. "అలవాటు సేసుకోవాల."

దేవేంద్ర తల ఊపి, ముద్ద కలిపాడు. ప్రిస్కిల్లా తన కంచం ముందుకు తోసింది.

"నాకూ అదే వెయ్యమ్మా."